ఊదారంగు వేలిముద్ర

“పిల్లని ఎన్నింటికి అప్పగించారు?”

“రాసుందిగా మేడం. మూడూ యాభైకి.”

“రాసింది నేనూ చదవగలను. మిమ్మల్ని అడుగుతున్నా. ఎన్నింటికి?”

వార్డెన్ ముఖం మాడ్చుకున్నాడు. ఉదయం పదకొండు దాటిందో లేదో, అప్పుడే ఆయన చొక్కా చంకల దగ్గర తడిసిపోయింది. టేబుల్ ఫ్యాను ఆయన ముఖం మీదకే తిరిగి ఉంది. కాబట్టి ఆ చెమట ఉక్కపోతకి పట్టింది కాదని ఎదురుగా కూర్చున్న ఆవిడకి తెలిసిపోయింది.

పోలీసు డిపార్టుమెంటులో ఉన్న ఇరవై రెండేళ్ళూ ఆవిడని అందరూ ‘గడియారం’ అనే పిలిచారు. హత్య జరిగినా, సైకిలు పోయినా ఆవిడ నోట మొదట వచ్చే మాట ‘ఎన్నింటికి?’ అనే. ఉద్యోగం పోయింది కానీ ఆ పేరు పోలేదు. ఇప్పుడు సొంతంగా డిటెక్టివ్ పని చేసుకుంటోంది. ఓర్పు తక్కువ, నోరు ఎక్కువ. ఎదుటివాడు అబద్ధం చెప్పాడని ఆవిడకి కోపం రాదు. శ్రద్ధ లేకుండా చెప్పాడని వస్తుంది.

పక్క కుర్చీలో అంచు మీద కూర్చున్నవాడు పిల్లకి మేనమామ. లేత్ మిషన్ మీద పని. గోళ్ళ సందుల్లో నల్లటి గ్రీజు ఎన్నిసార్లు కడిగినా పోనట్టుంది. ఒళ్ళో ప్లాస్టిక్ కవరు, అందులో కాగితాలు, వాటి పైన పదకొండేళ్ళ పిల్లకి సరిపోయే కొత్త చెప్పుల జత. తొమ్మిదింటికి రమ్మని వీళ్ళే ఉత్తరం రాస్తే ఎనిమిదిన్నరకే గేటు దగ్గర నిలబడ్డాడు. “వాళ్ళ నాన్న నిన్ననే తీసుకెళ్ళిపోయాడయ్యా” అని చెప్పి పంపేశారు. అక్కడినుంచి నేరుగా గడియారం ఇంటికి పరిగెత్తాడు.

ఎందుకంటే ఆ నాన్న చచ్చిపోయి మూడేళ్ళయింది.

పరాయి దేశంలో పట్టుబడ్డ పిల్లల్ని సొంత దేశానికి తిప్పి పంపినప్పుడు, ఇంటివాళ్ళు వచ్చేదాకా ఉంచే హాస్టల్ అది. మొన్న సాయంత్రం సరిహద్దు దాటి వచ్చిన బస్సులోంచి పదిహేనుమంది దిగారు. అందులో ఈ పిల్ల ఒకతె. నాలుగేళ్ళప్పుడు కూలీల్ని తోలుకెళ్ళే ఒక మేస్త్రీ అమ్మా నాన్నలతో సహా తీసుకెళ్ళి అవతల దేశంలో అద్దకం కార్ఖానాలో పెట్టాడు. నాన్న అక్కడే బాయిలరు పేలి చచ్చిపోయాడు. కాగితాలు లేవని అమ్మని అక్కడి జైల్లో పెట్టారు. పిల్ల మాత్రం అక్కడి అధికారులకి ఉన్నదున్నట్టు చెప్పింది. ఎవరు తీసుకెళ్ళారు, ఎవరు బయటినుంచి తాళం వేశారు, బాయిలరు పేలిన రోజు తాళంచెవి ఎవరి జేబులో ఉంది, అన్నీ. అదంతా సీలు వేసిన కవరులో పిల్లతోపాటే వచ్చింది. రేపు పదిన్నరకి ఆ పిల్ల ఇక్కడి మేజిస్ట్రేటు ముందు అదే మాట నోటితో చెప్పాలి. చెప్తే మేస్త్రీ లోపలికి వెళ్తాడు. చెప్పకపోతే హాయిగా తిరుగుతాడు.

“నిన్న వచ్చినవాడు తండ్రేనని ఎలా అనుకున్నారు?”

“గుర్తింపు కార్డు చూపించాడు. పేరు కలిసింది. ఫొటో పాతది మేడం, పదేళ్ళ కిందటి మనిషి ఇప్పుడు అలాగే ఉంటాడా?”

“చచ్చిపోయినవాడు మారడు సార్,” అన్నాడు మేనమామ నెమ్మదిగా.

గడియారం అప్పగింత ఫారాన్ని తన వైపు తిప్పుకుంది. కింద రెండు వేలిముద్రలు. ఎడమ వైపు పిల్లది. కుడి వైపు తండ్రినని వచ్చినవాడిది. ఆవిడ రెంటినీ మార్చి మార్చి చూసింది.

“మీ దగ్గర ఇంకు ప్యాడ్లు ఎన్ని ఉన్నాయి?”

“ఒకటే.”

“ఏ రంగు?”

“నలుపు. కొత్తదండీ. పాతది ఎండిపోతే నిన్న పొద్దున పదింటికి స్టోర్ నుంచి తెప్పించా.” దానికి సంబంధించిన చీటీ కూడా చూపించబోయాడు. ఏదో ఒకటి నిజం చెప్పగలుగుతున్నందుకు ఆయనకి కాస్త ధైర్యం వచ్చింది.

“పాతది ఏ రంగు?”

ఆ ధైర్యం అక్కడితో అయిపోయింది.

“నేను చెప్తాను. ఊదా. వాడి ముద్ర నల్లగా ఉంది, పిల్ల ముద్ర ఊదాగా ఉంది. ఇద్దరూ మూడూ యాభైకి మీ టేబుల్ ముందు నిలబడి వేశారని రాశారు. వాడు కొత్త ప్యాడు మీద వేస్తే, పిల్ల పొద్దున్నే చెత్తబుట్టలో పడిన ప్యాడు వెతుక్కుని వేసిందా?”

“మేడం, అది పద్ధతండీ...”

“ఏం పద్ధతి?”

“బస్సు దిగగానే అందరి వేలిముద్రలూ వేయించేస్తాం. తర్వాత వాళ్ళవాళ్ళు వచ్చాక కుదరదు. ఏడుపులు, కౌగిలింతలు, ఒక్కడూ వేలు తిన్నగా పెట్టడు, ఫారాలు పాడైపోతాయి. అందుకని ముందే. మిగతా హాస్టళ్ళలోనూ ఇంతే, కావాలంటే కనుక్కోండి.”

ఆయన గొంతులో తప్పు చేసినవాడి భయం లేదు, పని తెలిసినవాడి విసుగు ఉంది. అది చూసి గడియారానికి ఒళ్ళు మండింది. ఆ వేలిముద్ర పైన అచ్చులో ఉన్న వాక్యం ఆవిడ పైకి చదివింది. “‘ఈ వచ్చినవారు నాకు తెలుసు. వారితో వెళ్ళడం నాకు ఇష్టమే.’ ఆ పిల్లకి మన అక్షరాలు వచ్చా?”

“రావు.”

“ఎవరైనా చదివి చెప్పారా?”

“అప్పటికి వచ్చినవారు ఎవరూ లేరుగా మేడం, ఏమని చెప్తాం?”

“పిల్లని విడిగా కూర్చోబెట్టి, ఈ మనిషి నీకు తెలుసా, వీడితో వెళ్తావా అని అడగాలి. ఏడేళ్ళ తర్వాత సొంత దేశంలో కాలు పెట్టిన పిల్లకి మనం ఇచ్చేది ఆ ఒక్క ప్రశ్నే. అది కూడా మీరు అడక్కుండానే జవాబు రాసేసుకున్నారు.”

గడియారం ఫారం మడిచి తన సంచిలో పెట్టుకుంది.

ఆవిడ గేటు దగ్గరికి నడిచింది. వాచ్‌మన్ డెబ్బైకి దగ్గరపడ్డవాడు. దారానికి కట్టిన పెన్సిలూ, చెమటకి మెత్తబడ్డ నోటుబుక్కూ తప్ప ఆయనకి ఆస్తి లేదు. అది చూపించమనగానే ఎవరో పాట పాడమన్నంత సంబరపడ్డాడు. ఇన్నేళ్ళలో దాన్ని ఎవరూ అడగలేదు.

“నిన్న మధ్యాహ్నం మూడూ ఇరవైకి లోపలికి ఒకరు. తెల్ల చొక్కా, చేతికి కడియం. నాలుగూ ఐదుకి బయటికి ఒకరు. ఆయనే.”

“ఒకరా, ఇద్దరా? సరిగ్గా చూడండి బాబాయ్.”

“ఒకటికీ రెండుకీ తేడా తెలీకపోతే నన్ను ఈ స్టూలు మీద ఎందుకు కూర్చోబెడతారు తల్లీ? ఒక్కడే వెళ్ళాడు. ఈల వేసుకుంటూ వెళ్ళాడు. అది మాత్రం రాయలేదు.”

మేనమామ గేటు కమ్మీ గట్టిగా పట్టుకున్నాడు. “అంటే పిల్ల వాడితో వెళ్ళలేదా మేడం?”

“వెళ్ళలేదు. ఇంకెవరు వచ్చి వెళ్ళారు, బాబాయ్?”

“లాండ్రీ బండి. మూడూ నలభై ఐదుకి లోపలికి, నాలుగింటికి బయటికి. డ్రైవరు ఒకడు, మూటలు ఏడు.”

గడియారం తిరిగి వచ్చేసరికి వార్డెన్ తన గదిలో నిలబడి ఉన్నాడు. నోటుబుక్కు ఆయన ముక్కు కింద పెట్టింది. ఇక దాచి లాభం లేదనిపించింది కాబోలు, ఆయన గడగడా చెప్పేశాడు. వచ్చినవాడు సంతకం పెట్టాడు, వేలిముద్ర వేశాడు. మూడూ యాభైకి ‘అప్పగింత పూర్తి’ అని పై ఆఫీసుకి కంప్యూటర్లో పంపేశారు. ఆ తర్వాత పిల్లని పిలిపించారు. పిల్ల మెట్ల మధ్యదాకా దిగి, వాడిని చూసి, వెనక్కి తిరిగి పరిగెత్తింది. అంతే. పావుగంట వెతికినా కనపడలేదు.

“వాడేం అన్నాడు?”

“గొడవేం చెయ్యలేదండీ. దొరికాక తీసుకెళ్తాలెండి అని తన కాపీ తీసుకుని వెళ్ళిపోయాడు.”

“కాపీ ఇచ్చారా!”

“సంతకం పెట్టినవాళ్ళకి కాపీ ఇవ్వాలిగా మేడం.”

మేనమామ ఒక్క అంగలో టేబుల్ దాటి వార్డెన్ కాలరు పట్టుకున్నాడు. “పిల్ల తప్పిపోయిందని పొద్దున నాతో ఎందుకు చెప్పలేదు? రాత్రంతా ఎక్కడుందో, ఏం తిందో! అక్క జైలు నుంచి ఫోన్ చేసి, తమ్ముడూ, నువ్వే దిక్కు అని ఏడ్చింది సార్! నేను అక్కకి ఏం చెప్పాలి?”

“వదులు,” అంది గడియారం. “ఆయన్ని కొట్టాలంటే నా వంతు ముందుంది.”

వార్డెన్ కాలరు సర్దుకుంటూ, తప్పిపోయిందని రాస్తే తన ఉద్యోగం పోతుందని, అప్పగించామని పై ఆఫీసుకి ఎలాగూ వెళ్ళిపోయింది కాబట్టి అలాగే ఉంచేశానని గొణిగాడు.

“మీరు చేసింది మీకు ఇంకా అర్థం కాలేదు,” అంది గడియారం. ఈసారి గొంతు పెంచలేదు. “కాగితం ప్రకారం ఆ పిల్ల ఇల్లు చేరింది. ఇంటికి చేరిన పిల్ల కోసం ఎవరూ వెతకరు. వాడు ఈ రోజు ఆ పిల్లని పట్టుకుని ఏం చేసినా, అడిగేవాడు లేడు.”

వార్డెన్ కూలబడ్డాడు. ఆయన కూర్చుంటే ఏం, నిలబడితే ఏం అనుకుని ఆవిడ మెట్ల వైపు వెళ్ళింది.

మెట్ల మలుపులో నిలబడి చూసింది. పైకి వెళ్తే పడకగదులు, వాటికి బయటికి దారి లేదు. కిందికి రెండు తలుపులు. ఒకటి వంటగదిది, అందులో నిన్న ఆ వేళకి నలుగురు ఆడవాళ్ళు కూరగాయలు తరుగుతున్నారు. రెండోది మాసిన బట్టల గది. ఆవిడ అందులోకి వెళ్ళింది. గోడవారన చెక్క అర, ఒక మూల ఖాళీ గుడ్డసంచులు, వెనక వైపు బండి ఆగే చోటికి వెడల్పాటి తలుపు. అరకీ గోడకీ మధ్య చెయ్యి దూర్చి లాగితే ఒక దుప్పటి వచ్చింది. దాని వెనకే ఇంకోటి. లెక్కపెడితే పన్నెండు. అన్నీ మాసినవే, అన్నీ హడావిడిగా కుక్కినవే. గోడకి తగిలించిన లాండ్రీ చీటీ చూసింది. మూటకి పన్నెండు చొప్పున ఏడు మూటలు.

“బండెక్కింది ఏడు మూటల బట్టలు కాదు. ఆరింటివే,” అంది. “ఏడో మూటలో వెళ్ళింది బట్టలు కాదు.”

మేనమామ ఆ దుప్పట్ల కుప్ప వైపు చూస్తూ ఉండిపోయాడు. “కార్ఖానాకి తనిఖీ వస్తే పిల్లల్ని మూటల్లో కట్టి బండెక్కించేవాళ్ళట మేడం. కదలకుండా, దగ్గకుండా ఎలా ఉండాలో నేర్పించేవాళ్ళట. అక్క చెప్పింది.”

వాళ్ళు నేర్పిన విద్యతోనే పిల్ల వాళ్ళనుంచి తప్పించుకుంది. గడియారానికి ఆ క్షణంలో ఆ ముఖం తెలియని పిల్ల మీద ఎంత ముద్దొచ్చిందంటే, ఇంకో మనిషి గదిలోకి వచ్చిన సంగతి కూడా గమనించలేదు.

“ఇంకా బతికే ఉన్నారా మేడం? మిమ్మల్ని చూసి రెండేళ్ళయింది.”

గుమ్మంలో ఇన్‌స్పెక్టర్. ఒకప్పుడు ఆవిడ కింద పనిచేసినవాడు. ఆవిడ దగ్గరే రిపోర్టు రాయడం నేర్చుకుని, రాసిన మొదటి మంచి రిపోర్టుతో ఆవిడ ఉద్యోగానికే ఎసరు పెట్టాడు.

“నువ్వు పెరిగావనుకున్నా, పొట్టే పెరిగింది,” అంది. “ఎందుకొచ్చావు?”

“మూసేసిన ఫైలు దగ్గర మీరెందుకున్నారో కనుక్కుందామని. పిల్ల తండ్రిని చేరింది, కాగితం ఉంది. ముసలితనంలో కాలక్షేపం కావాలంటే గళ్ళ నుడికట్టు పూరించుకోవచ్చుగా.”

ఆ మాట సూదిలా దిగింది. గడియారం నిదానించి ఉంటే బాగుండేది. కానీ ఆవిడ నిదానించే రకం కాదు. వీడి ముందు ఒక్కసారి గెలవాలన్న కోరిక ఆవిడకి రెండేళ్ళుగా ఉంది.

“మూసేసిన ఫైలా? పిల్ల తండ్రిని చేరలేదు. నిన్న నాలుగింటికి లాండ్రీ మూటలో కూర్చుని మీ అందరి కళ్ళలో దుమ్ము కొట్టి వెళ్ళిపోయింది. ఇవిగో ఆ మూటలో ఉండాల్సిన దుప్పట్లు. నీకు గంట పడుతుంది అర్థం కావడానికి. నాకు పది నిమిషాలు పట్టింది.”

ఇన్‌స్పెక్టర్ నవ్వడం ఆపాడు. “ఏ లాండ్రీ?”

“చీటీ మీద ఉంది, చదువుకో. వంతెన దాటగానే రెండో వీధి.”

అతను చీటీ చూసి, వెంటనే ఫోన్ తీశాడు. “వంతెన అవతల, రెండో వీధి, లాండ్రీ. మూటలన్నీ విప్పి చూడండి. పిల్ల అక్కడే ఉండొచ్చు. వెంటనే.” పోలీసువాడు ఇన్నాళ్ళకి పోలీసు పని చేశాడని గడియారం లోలోపల మురిసింది కూడా.

ఫోన్ జేబులో పెట్టుకుని అతను మేనమామ వైపు తిరిగాడు. “పద, స్టేషనుకి.”

“నేనా? నేనెందుకు సార్?”

“నిన్న ఐదున్నరకి పిల్ల తండ్రి ఫిర్యాదిచ్చాడు. పిల్లని తీసుకుని వస్తుంటే బజార్లో బావమరిది లాక్కుపోయాడని. అంటే నువ్వు. అప్పగింత కాగితం కాపీ జత చేశాడు. నిన్నటి నుంచి మా స్టేషను మొత్తం ఆ పిల్ల కోసం తిరుగుతోంది. మేడం నోట కూపీ లాగడానికే ఫైలు మూసేశామన్నాను.”

పిల్ల కోసం ఎవరూ వెతకరని గడియారం ఇందాక వార్డెన్‌తో అంది. తప్పు. వెతుకుతున్నారు. వాడి తరఫున, వాడి కాగితం పట్టుకుని, జీతాలు తీసుకునే పోలీసులే వెతుకుతున్నారు.

“వాడు తండ్రి కాదు! ఆ మేస్త్రీయే వాడు!” మేనమామ కవరులోంచి కాగితం లాగాడు. చెప్పుల జత కింద పడింది. “మా బావ పోయినట్టు అక్కడివాళ్ళిచ్చిన కాగితం సార్ ఇది.”

ఇన్‌స్పెక్టర్ దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని చూశాడు. “పరాయి దేశం కాగితం, పరాయి లిపి. ఇందులో ఏముందో నువ్వు చదవగలవా?”

“చదవలేను. కానీ బావ శవం వచ్చిన పెట్టె దింపుకున్నది నేనే. వద్దంటున్నా మూత తీసి చూసింది నేనే సార్.”

గడియారం వాచ్‌మన్ నోటుబుక్కు అతని చేతిలో కుక్కింది.

“నా మీద కక్ష తర్వాత తీర్చుకో. ముందిది చదువు. వాడు నాలుగూ ఐదుకి గేటు దాటాడు. ఒక్కడే. వాడి చేతిలో లేని పిల్లని బజార్లో ఎవరు లాక్కుంటారు? ఈ ఫారం చూడు. పిల్ల వేలిముద్ర మొన్నటిది. ఈ మనిషి నిన్న మధ్యాహ్నమంతా లేత్ మిషన్ దగ్గర ఉన్నాడు, వాళ్ళ మేనేజరు హాజరు వేసుకున్నాడు. ఫోన్ చేసి అడుగు.”

అతను చదివాడు. మళ్ళీ చదివాడు. మేనేజరుకి ఫోన్ చేసి, హాజరు పట్టీ తెప్పించి చదివించుకునేసరికి అరగంట పట్టింది. ఎంత దుర్మార్గుడైనా మూర్ఖుడు కాదు, అతనికి పని నేర్పింది ఆవిడే. ముఖంలో రంగు దిగిపోవడం ఆవిడకి స్పష్టంగా కనిపించింది. గెలిచిన సంతోషం మాత్రం ఎక్కడా కలగలేదు.

“ఫిర్యాదిచ్చినవాడు ఇప్పుడెక్కడున్నాడు?” అంది.

అతను జేబులో ఫోన్ కోసం తడుముకున్నాడు.

“నిన్నే అడుగుతున్నా! ఎక్కడున్నాడు వాడు?”

“మా వాళ్ళతో... జీపులో. పిల్లని చూస్తే గుర్తుపట్టాలి కదా అని నేనే ఎక్కించాను.”

ఆ లాండ్రీ ఎక్కడుందో ఎవరు చెప్పారో గదిలో ముగ్గురికీ తెలుసు. ఆవిడ వైపు ఎవరూ వేలు చూపించలేదు. చూపించి ఉంటే ఆవిడకి తేలిగ్గా ఉండేది.

ఇన్‌స్పెక్టర్ ఫోన్ చేశాడు. మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాడు. మూడోసారి కానిస్టేబుల్ ఎత్తాడు. స్పీకరులో అతని గొంతు మహా హుషారుగా ఉంది.

“దొరికింది సార్! మీరు చెప్పినట్టే. ఇస్త్రీ బల్ల కింద దాక్కుంది. నాన్నని చూడగానే ఒకటే ఏడుపు సార్, కాళ్ళూ చేతులూ కొట్టుకుంటూ, ఊపిరి తిప్పుకోకుండా. పాపం, ఎన్నాళ్ళ బెంగో! మా అందరికీ కళ్ళనీళ్ళు వచ్చాయి.”

“పిల్ల ఎక్కడుంది? నీ పక్కనుందా?”

“లేదు సార్, అప్పగించేశాం కదా. కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి. ఆయన ఫోన్ చేస్తే ఎవరో కారు తెచ్చారు, పది నిమిషాలైంది బయల్దేరి. చాలా మర్యాదస్తుడు సార్. మా అందరికీ పేరుపేరునా దండం పెట్టాడు. పోతూ పోతూ, సరిహద్దు గేటు ఎప్పటిదాకా తీసి ఉంటుందని అడిగాడు. సాయంత్రం ఆరు దాకా ఫరవాలేదని చెప్పాను.”

గడియారం చేతి వాచీ చూసుకుంది.

“హలో? సార్? నేనేమైనా తప్పు చెప్పానా సార్?”